స్విఫ్ట్‌కి అల్యూమినియం మానిఫోల్డ్ వేయించాలా? నెల్లూరు ఎండలో తీసిన లెక్కలు

బండి 2012 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు. 1197 సీసీ కె-సిరీస్ ఇంజన్, కంపెనీ లెక్క ప్రకారం 87 పీఎస్ పవరు, 114 ఎన్‌ఎమ్ టార్కు. సంక్రాంతి నుంచి ఒకటే గోల: కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల సెట్టు) పీకేసి అల్యూమినియంది వేయిస్తే పికప్ పెరుగుతుందా? ఈ పురుగు తొలిచింది కావలిలో ఉండే మా పిన్ని కొడుకు. "అన్నా, అమెరికావోళ్లు మానిఫోల్డ్ మారిస్తే చాలు, బండి ఎగిరిపోతా ఉంది" అంటాడు. వాడు చూసేవన్నీ వీ8 ఇంజన్ల వీడియోలు. వాటికి మానిఫోల్డులు షాపులో షర్టుల్లా సైజుల వారీగా దొరుకుతాయి. మన 1.2కి అలా రెడీమేడ్‌గా నాకేమీ దొరకలేదు. చెన్నైలో ఒక షెడ్డువాళ్లు ఆర్గాన్ వెల్డింగ్‌తో చేసిస్తామని 35,000 చెప్పారు. రీమ్యాప్‌కి (ఇంజన్ కంప్యూటరు సెట్టింగులు మార్చడానికి) ఇంకో 25,000. డైనో (బండిని రోలర్ల మీద ఎక్కించి పవరు కొలిచే మెషీను) ఖర్చు వేరే. నా బండి ఇవాళ అమ్మితే వచ్చే డబ్బులో ఈ 60,000 దాదాపు నాలుగో వంతు. అందుకని డబ్బు తీసే ముందు మీటరు తీశాను.

ముందు మానిఫోల్డ్ చేసే పని ఏంటో చూద్దాం. థ్రాటిల్ (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటి వచ్చిన గాలి ఒక డబ్బాలోకి చేరుతుంది. అక్కడి నుంచి నాలుగు గొట్టాల్లో నాలుగు సిలిండర్లకు పోతుంది. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ కిందికి లాగినప్పుడు గొట్టంలో ఒక ఒత్తిడి అల బయల్దేరుతుంది. అది డబ్బా దాకా పోయి, తిరగబడి వెనక్కి వస్తుంది. వాల్వు మూసుకునే లోపు అది సరిగ్గా చేరితే ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. 40 డిగ్రీల గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 355 మీటర్లు. గొట్టం 40 సెంటీమీటర్లయితే అల పోయి రావడానికి 2.25 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ టైములో 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 40 డిగ్రీలు తిరుగుతుంది, 6,000 దగ్గర 80 డిగ్రీలు. అంటే ఒకే పొడవు గొట్టం అన్ని స్పీడుల్లోనూ ఒకేలా సాయం చేయలేదు. పొడవు గొట్టం కింది ఆర్‌పీఎమ్‌లో టార్కు ఇస్తుంది, పొట్టిది పైన ఇస్తుంది. బయట అమ్మే మానిఫోల్డుల్లో ఎక్కువ భాగం పొట్టి గొట్టం, పెద్ద డబ్బా రకమే. పైన వచ్చేదానికి కింద ఎంతో కొంత వదులుకోవాలి.

మరి నేను ఎక్కడ నడుపుతాను? ఆదివారం తెల్లవారుజామున మైపాడు రోడ్డులో ఖాళీగా ఉన్న ముక్క చూసుకుని థర్డ్ గేర్‌లో 40 నుంచి 80 వరకు టైము తీశాను. ఇటు ఒకసారి, అటు ఒకసారి తీసి సగటు వేశాను. ఏసీ ఆఫ్, బండిలో ఇద్దరం: 8.6 సెకన్లు. ఏసీ ఆన్ చేస్తే 9.5. టాకోమీటరు ఇంచుమించు 2,000 నుంచి 4,000 మధ్యే తిరిగింది. ట్రంకు రోడ్డులోనైనా, హైవే మీద ఒంగోలు పోతున్నా నా కాలు ఉండేది ఈ మధ్యలోనే. 5,000 పైన వచ్చే లాభానికి 60,000 పెట్టి, రోజూ వాడే చోట తగ్గించుకోవడం ఏం లెక్క?

అయినా ఇంకో అనుమానం ఉంది కదా, అసలు గాలి అందడం లేదేమోనని. దీనికి బండి కంప్యూటరు సాకెట్‌లో పెట్టే ఓబీడీ బ్లూటూత్ అడాప్టరు, ఫోన్లో ఒక యాప్ చాలు. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ డబ్బాలో గాలి ఒత్తిడి కొలిచేది) చూస్తే 100 కేపీఏ (కిలోపాస్కల్). ఇది బయటి గాలి ఒత్తిడి. సెకండ్ గేర్‌లో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి 5,500 దగ్గర చూస్తే 96. అంటే ఫిల్టరు, పైపు, థ్రాటిల్ కలిసి మింగేది 4 కేపీఏ. ఇదంతా మానిఫోల్డ్‌కి ముందే పోతోంది, కాబట్టి కొత్త మానిఫోల్డ్ వేసినా తిరిగి రాదు. కొత్త పేపర్ ఫిల్టరు వేశాక 97 అయింది. డబ్బా దాటాక గొట్టాల్లో ఎంత పోతోందో ఈ రీడింగు చెప్పదు. అది తెలియాలంటే డైనో ఎక్కించాల్సిందే.

అదే యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (మామూలు కన్నా ఎంత శాతం పెట్రోలు ఎక్కువ తక్కువ పోస్తోందో చెప్పే అంకె) ఐడిల్‌లో +8 చూపించింది. లోడు మీద మామూలుగానే ఉంది. ఐడిల్‌లో ఎక్కువ, లోడులో తక్కువ అంటే థ్రాటిల్ తర్వాత ఎక్కడో దొంగగాలి దూరుతోందని అర్థం. ఆటోనగర్‌లో మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. కొంతమంది కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు, కానీ వేడి ఇంజన్ మీద అది భగ్గున అంటుకోగలదు. ఈయన ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే బాటిలు తీసుకున్నాడు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా గాస్కెట్ అంచు వెంబడి, ఒక్కో హోసు మొదట్లో సన్నగా చల్లుకుంటూ పోయాడు. గాస్కెట్ దగ్గర ఏమీ లేదు. పీసీవీ హోసు (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ మానిఫోల్డ్‌కి పంపే రబ్బరు పైపు) వంపు దగ్గర నీళ్లు పడగానే ఐడిల్ ఒక్క క్షణం సర్దుకుని మళ్లీ వణికింది. హోసు ఊడదీసి వంచితే లోపలి వైపు వెంట్రుకవాసి పగులు. కొత్త హోసు 280 రూపాయలు. ట్రిమ్ +2కి దిగింది. థ్రాటిల్ బాడీలో మసి కూడా తుడిచాం. మళ్లీ మైపాడు రోడ్డులో చూస్తే 8.2 సెకన్లు.

"అబ్బయా, కంపెనీవోడు ఊరికే పెట్టినాడా ఆ ప్లాస్టిక్కు?" అన్నాడు మెకానిక్. తేలికదనానికి, ఖర్చు తగ్గడానికి పెట్టారన్న మాట ఎటూ నిజమే. కానీ మన ఊరికి ఇంకో లాభం ఉంది. ప్లాస్టిక్ ఇంజన్ హెడ్ వేడిని అంత తొందరగా లాక్కోదు.

దాన్ని కొలిచాను. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెడితే తక్కువ చూపించి మోసం చేస్తుంది. అందుకని నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టాలి. ఏప్రిల్ చివర, మధ్యాహ్నం, బయట 41 డిగ్రీలు. ఆత్మకూరు బస్టాండ్ నుంచి వీఆర్సీ సెంటర్ దాకా ట్రాఫిక్‌లో పాక్కుంటూ వచ్చి బానెట్ లేపితే హెడ్ మీద 90, దానికి ఆనుకున్న ప్లాస్టిక్ గొట్టం మీద 62. అదే అల్యూమినియం గొట్టమైతే హెడ్ వేడిని చాలావరకు తనలోకి లాక్కునేది.

ఈ వేడి ఎంత పవరు తింటుంది? గాలి సాంద్రత ఉష్ణోగ్రతకు విలోమంగా ఉంటుంది, కెల్విన్‌లో లెక్క వేయాలి. లోపలికి పోయే గాలి 45 నుంచి 65 డిగ్రీలకు చేరితే 318 కాస్తా 338 అవుతుంది. సుమారు 6 శాతం గాలి తగ్గినట్టు. 87 పీఎస్‌లో అది 5 పీఎస్. నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలి ఇంజన్ టకటకలాడడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు, స్పార్కు టైమింగ్ వెనక్కి లాగితే ఇంకాస్త పోతుంది. కంపెనీ ఇచ్చిన క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు), కంపెనీ ఎగ్జాస్ట్ ఉన్న ఇలాంటి ఇంజన్‌కి మానిఫోల్డ్ మార్పుతో 5 పీఎస్ వస్తేనే గొప్ప అని నా అంచనా. రోహిణి కార్తెలో బండి నడిపేవాడు ముందు వేడి సంగతి చూసుకోవాలి.

మానిఫోల్డ్ దండగని అందరికీ చెప్పడం లేదు. హోండా వీటెక్ లాగా పైకి తిరిగే ఇంజన్‌కి వేరే క్యామ్, హెడ్డర్ (పొగ బయటికి పోయే గొట్టాల సెట్టు) అప్పటికే వేసి, రీమ్యాప్ కూడా చేయించేవాళ్లకు అది చివరి గేటు తీసినట్టే. టర్బో ఎక్కువ బూస్టు పెట్టి నడిపేవాళ్లకు సిలిండర్లకు గాలి సమానంగా పంచడం ముఖ్యం. ఒక సిలిండరుకు ఎక్కువ పోయి మిశ్రమం పల్చబడితే పిస్టనే కరుగుతుంది. అక్కడ మంచి మానిఫోల్డ్ ఇంజన్‌ని కాపాడుతుంది కూడా. మావాడి వీడియోల్లో బండ్లు ఈ కోవకి చెందినవే. ఇంకో మాట, చేతితో చేసిన దాంట్లో బ్రేక్ బూస్టరు, పీసీవీ, పెట్రోలు ఆవిరి లైన్లకు చోటు వదిలారో లేదో చూసుకోవాలి. బ్రేక్ బూస్టరుకు వ్యాక్యూమ్ సరిగ్గా అందకపోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా ఇంజన్‌లో మార్పులు చేస్తే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

చల్లగాలి కోసం ఫిల్టరు పైపును బంపరు కిందికి దించమని కూడా సలహా వచ్చింది. ఎండాకాలానికి బాగుంటుంది. నవంబరులో వాయుగుండం పట్టిందంటే రామలింగాపురం అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఆ పైపు ఒక్క గుక్క మింగితే కనెక్టింగ్ రాడ్డు వంకరపోతుంది, ఇంజన్ మొత్తం పోయినట్టే. అందుకని పైపు మూతిని కంపెనీ పెట్టిన ఎత్తులోనే ఉంచి, రేడియేటరు వేడిగాలి దాని వైపు రాకుండా అల్యూమినియం రేకుతో చిన్న అడ్డం కట్టిస్తున్నాను. రేకు, రబ్బరు బీడింగ్, లేత్ షాపు కూలీ కలిపి 600 దాటలేదు. ట్రాఫిక్‌లో గాలి ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో మే నెలాఖరులో అదే ఆత్మకూరు బస్టాండ్ దారిలో మళ్లీ చూసి రాస్తాను. ఆలోపు టైర్లు మార్చాలి, అరిగిపోయాయి.