ఐడిల్‌లో వణికిన కారు: నా అనుభవం

నాన్న 2011లో కొన్న పెట్రోల్ కారు మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. సంక్రాంతి వెళ్లిన వారం అమ్మని కంటి పరీక్షకి కాకినాడ తీసుకెళ్తుంటే, అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో ట్రాఫిక్‌కి ఆగి, ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు బండి వణకడం మొదలుపెట్టింది. ఇంజిన్ వేగం చూపే ఆర్పీఎం ముల్లు 800 దగ్గర నిలవకుండా 500కి పడుతోంది, మళ్లీ లేస్తోంది. ఇంజిన్ లైట్ వెలిగింది, లోపలికి పెట్రోల్ వాసన. యెదుర్లంక వంతెన మీద ఆగిపోతే అమ్మతో ఏం చెయ్యాలన్న టెన్షన్‌తోనే వెళ్లొచ్చాను.

మర్నాడు మెకానిక్ స్కానర్ పెట్టి, పీ0172 కోడ్ వచ్చిందన్నారు. పెట్రోల్ అవసరానికి మించి పడుతోందని దానర్థం. "ఆయ్, మ్యాప్ సెన్సర్ పోయిందండి, మార్చేద్దాం" అన్నారు. సెన్సర్‌తో పాటు ప్లగ్గులూ మార్చి, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీని శుభ్రం చేశారు. రెండు రోజులకి మళ్లీ అదే వణుకు. డబ్బు పోయినందుకు కాదు గానీ, రోగం తెలియకుండానే మందు వేయించానని బాధేసింది.

బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోన్‌కి కలిపి నేనే కూర్చున్నాను. ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డ్‌లో ఎంత ఒత్తిడి ఉందో కొలిచేదే మ్యాప్ సెన్సర్. ఆ అంకెను బట్టే కంప్యూటర్ పెట్రోల్ పోస్తుంది, అంకె పెరిగితే పెట్రోల్ కూడా ఎక్కువ పోస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. కోనసీమ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది కాబట్టి 101 కిలోపాస్కల్‌లకి దగ్గరగా రావాలి. 100 వచ్చింది. అంటే సెన్సర్ తప్పు చెప్పడం లేదు.

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఇలాంటి చిన్న ఇంజిన్లకి మామూలుగా 30 నుంచి 40 మధ్య ఉంటుంది. నా బండిలో 58. మానిఫోల్డ్‌లోకే ఎక్కడినుంచో గాలి దూరుతుంటే ఈ రకం ఇంజిన్‌లో ఐడిల్ సాధారణంగా పెరగాలి, నాకు పడిపోతోంది. ఇంకో దారి మిగిలింది. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ (బయటికంటే తక్కువ ఒత్తిడి) బాగానే ఉన్నా, అది సెన్సర్ దాకా చేరడం లేదేమో. నా బండిలో సెన్సర్ ఇంజిన్ వెనక గోడకి ఉంటుంది, పెన్సిల్ అంత సన్నటి రబ్బరు గొట్టం దాన్ని మానిఫోల్డ్‌కి కలుపుతుంది.

ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆ గొట్టం వెంబడే వేలు పోనిచ్చాను. అడుగున గుప్పెడు కొబ్బరి పీచు, నాలుగు వడ్లగింజలు, ఎలుక పెంటికలు. మానిఫోల్డ్ మొనకి బెత్తెడు దూరంలో రబ్బరు కొరికేసి ఉంది, చిల్లు కందిగింజంత. మళ్లీ స్టార్ట్ చేసి, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉంటూ ఆ చిల్లుని వేలితో మూశాను. వేలి కొసని లోపలికి లాగుతున్నట్టు అనిపించింది. క్షణంలో వణుకు ఆగింది. సీటు మీది ఫోన్‌లో 58 కాస్తా 34 అయింది.

అమలాపురంలో అదే సైజు వాక్యూమ్ గొట్టం ఒక అడుగు కొన్నాను, వంద రూపాయలు కూడా కాలేదు. పాత సెన్సరే తిరిగి బిగించి చూస్తే, అదీ 34 చూపించింది. మసిపట్టిన కొత్త ప్లగ్గులు తుడిచి పెట్టి, కోడ్ చెరిపేశాను. అప్పటినుంచి లైట్ రాలేదు.

సార్వా కోతలు అయ్యాక పొలాల్లో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ల మీద పడతాయి, మనందరికీ తెలిసిందే. నేను బండి పెట్టేది సరిగ్గా గడ్డిమేటు పక్కన. ఇప్పుడు వీధి అరుగు ముందుకి మార్చాను, ఆదివారం ఆదివారం బానెట్ ఎత్తి చూస్తున్నాను.

కొరికిన గొట్టం ముక్క పట్టుకెళ్లి మెకానిక్‌కి చూపించాను. వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ చెయ్యి పెట్టి చూడలేదండి నేను" అన్నారు. ఆ ముక్క తనకి కావాలని అడిగి, స్కానర్ పెట్టెలో వేసుకున్నారు.