పేదవాడి అంతిమ నిర్ణయం
కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమ ప్రాణాధార చికిత్సను నిలిపివేయవచ్చని, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పునిచ్చింది. మందు ఎక్కించి ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే. ఆ గీత చెరిగిపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 2023లో నిబంధనలు సడలించాక, కోలుకోలేని స్థితి వస్తే ప్రాణాధార చికిత్స వద్దంటూ ఇద్దరు సాక్షుల ఎదుట రాసిన ముందస్తు వీలునామాను నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు, మేజిస్ట్రేటు సంతకం అక్కరలేదు.

అయితే ఆదోని, ఆలూరు పల్లెల నుంచి వచ్చి కర్నూలులోని ఐసీయూల బయట చాపలు పరుచుకున్న కుటుంబాలకు వెంటిలేటర్ తీసేయమనడం పాపంగా తోస్తుంది, పొలం అమ్మి ఆ యాతనను పొడిగించడమూ అంతే పాపంగా తోస్తుంది. మార్ఫిన్‌తో నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యం ఇంటి దగ్గరే అందనంతవరకు, డబ్బు లేక చెప్పిన ‘వద్దు’ను స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయంగా నేను అంగీకరించలేను.