రోహిణి నక్షత్రం, రెండు కాన్పులు

నా మొదటి కాన్పుకి డేట్ ఇచ్చింది డాక్టర్ కాదు, మా పంతులుగారు. అత్తగారేదో బలవంతపెట్టారు అనుకునేరు, కాదు, మా అమ్మే. లెక్క తేదీ దగ్గర రోహిణి పడుతుంది, మగపిల్లాడు పుడితే మేనమామకి గండం అని భయం, నాకేమో ఒక్కగానొక్క తమ్ముడాయె. డాక్టరమ్మని అడిగితే "37 వారాలు దాటాయిగా, మీ ఇష్టం" అంది, అంతే, బుధవారం పొద్దున 6:42కి సిజేరియన్ ఫిక్స్.

ఆపరేషన్ నొప్పేం తెలీలేదు, వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాక కడుపులో ఎవరో చెయ్యి పెట్టి బ్యాగ్ సర్దుతున్నట్టు లాగుడు మాత్రం తెలుస్తుంది. ఏడుపు వినపడింది, హమ్మయ్య అనుకునేలోపే పాపని తీసుకెళ్లిపోయారు. నిమిషానికి 70 సార్లు ఊపిరి పీలుస్తోందట, ముక్కుపుటాలు ఎగరేస్తూ. పొట్టలో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది, నొప్పులు మొదలైతే ఆ నీరు లోపలికి ఇంకిపోవడం మొదలవుతుంది, నొప్పులు రాకుండా, అదీ 39 వారాలు నిండకుండా తీస్తే కొందరికి ఇలా ఆయాసం వస్తుంది అని ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) డాక్టర్ చెప్పాడు, ముందు చెప్పాల్సినవాళ్లు మాత్రం చెప్పలేదు. రెండు రోజులు నా బిడ్డని ఫోన్లో ఫోటోలో చూసుకున్నా. తీరా పుట్టింది ఆడపిల్ల, ఇక మేనమామ గండమెక్కడిది చెప్పండి!

డిశ్చార్జ్ కాగితంలో ఆపరేషన్‌కి కారణం ఏం రాశారో తెలుసా, మెడకి పేగు చుట్టుకుందని. దాదాపు నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి చుట్టుకునే పుడుతుంది, చాలామందికి ఏమీ కాదు. నేనొక్కదాన్నే కాదులెండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతమైతే మన తెలంగాణలో 60.7, ప్రైవేట్ ఆసుపత్రుల్లో అయితే ఏకంగా 81.5. ఇన్ని మెడలకి పేగులు చుట్టుకున్నాయంటే నేను నమ్మను.

రెండోసారి డాక్టర్ని మార్చా. ఈవిడ పాత కుట్టు అడ్డంగా కిందవైపు ఉందా అని కాగితాలన్నీ చూసి, నార్మల్‌కి ట్రై చేద్దాం, వందలో 60 నుంచి 80 మందికి అవుతుంది, కానీ పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది, అందుకే పక్కనే ఆపరేషన్ థియేటర్ ఉన్నచోటే చెయ్యాలి అని మొహం మీదే చెప్పింది. ఆ మాట విని మా ఆయన భయపడ్డాడు, నాకు మాత్రం ధైర్యం వచ్చింది, దాచకుండా చెప్పే మనిషి దొరికిందని.

మరి నార్మల్ అయిందా అంటే కాలేదు. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డా, గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడం 7 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది, పొట్టకి కట్టిన మెషీన్లో బిడ్డ గుండె చప్పుడు ఒక్కో నొప్పికీ పడిపోయి లేవడానికి టైం తీసుకుంటోంది, నర్సు ఆ కాగితం చుట్ట చూసి మాట్లాడకుండా డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాల్లో థియేటర్లో ఉన్నా. మళ్లీ కోతే, పాత గీత మీదే. కానీ ఈ కోత మీద నాకే కోపమూ లేదు, ఆ రాత్రి అది లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటేనే వణుకు. మూడో కాన్పు మాత్రం వద్దనుకున్నాం, ప్రతి కోతకీ మాయ పాత కుట్టు మీద అతుక్కుపోయే రిస్క్ పెరుగుతుందట.

బాబు కేర్‌మని ఏడ్చాడు, తుడిచి నేరుగా నా గుండెల మీద పెట్టారు, టైం తెల్లవారుజామున 3:17. బయట అమ్మ ఫోన్లో పంచాంగం తీసి చూసి గమ్మున కూర్చుందట. రోహిణే! పక్కనే ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్న మా తమ్ముడు "సరేలే అమ్మా, మేనల్లుడి పేరు కృష్ణ అని పెట్టేద్దాం" అన్నాడట.