చెంచాడు తోడు

పదకొండు దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు. వంటగట్టు మీద చిన్న స్టీలు గిన్నె ఉంది, మనసంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

సోమవారం పొద్దున రెండో అంతస్తు అమ్మాయి వచ్చింది. "ఆంటీ, పాలలోకి కొంచెం తోడుంటే ఇస్తారా?" అని. చెంచాడు పెరుగు ఆ గిన్నెలో వేసి ఇచ్చాను. ఇచ్చి ఊరుకోకుండా "ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నాను. "చూడాలి ఆంటీ" అంది. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఆ సాయంత్రం పక్క ఫ్లాట్ వదినగారు కరివేపాకు ఇవ్వడానికి వచ్చారు. పొయ్యి మీద పప్పు ఉందంటూ చెప్పులతోనే గుమ్మంలో నిలబడ్డారు. నేనే అన్నాను, "ఆ అమ్మాయి రెండు పెద్ద సూట్‌కేసులతో వచ్చింది, పది రోజులైంది, ఎన్నాళ్ళుంటావంటే చూడాలి అంటోంది" అని. ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నారు.

ఇవాళ డాబా మీద బట్టలు తీస్తుంటే ఆ వార్త తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఐదో అంతస్తు ఆవిడ గొంతు తగ్గించి, "మీకొక్కరికే చెప్తున్నా, మీ నోటినుంచి బయటికి రానివ్వకండి" అంటూ మొదలుపెట్టింది. అల్లుడు తాగి కొట్టాడట. నగలన్నీ లాక్కున్నాడట. లాయరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారట. ఎవరు చెప్పారండీ అంటే, "అందరూ అనుకుంటున్నారుగా" అంది.

ఈ 'ట' వింటే నాకు ఇవాళ ఒళ్ళు మండిపోయింది. కొట్టాడు అనాలంటే చూసినవాళ్ళు ఒకరైనా ఉండాలి. కొట్టాడట అనడానికి ఎవరూ అక్కర్లేదు. రెండు సూట్‌కేసులకు మూడు రోజుల్లో తాగుడు, దెబ్బలు, కోర్టు అన్నీ మొలిచాయి. వదినగారి మీద ఎంత కోపం వచ్చిందంటే, మెట్ల మీద ఎదురైతే పలకరించకుండా దిగి వచ్చేశాను. ఆవిడ దగ్గర మాట దాగదని నాకు తెలియదా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కిందటేడు మా చిన్నదాని మార్కుల విషయంలోనూ ఇదే జరిగింది కదా. అప్పుడే అనుకున్నాను, ఇక ఈవిడకు ఏమీ చెప్పకూడదని.

సాయంత్రం పెద్దది హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఇదంతా వెళ్ళగక్కాను. దానికి ఇవన్నీ పాఠాలు. డన్‌బార్ అనే బ్రిటిష్ ఆయన 1996లో ఒక పుస్తకం రాశాడట. కోతులు ఒకదాని ఒళ్ళు ఒకటి గోకుతూ, పేలు ఏరుకుంటూ బంధం కలుపుకుంటాయి; మనుషుల గుంపులు పెద్దవయ్యాక అందరి తలలూ చూసే తీరిక లేక, ఆ పని కబుర్లు అందుకున్నాయి అని ఆయన వాదన. అది నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం అమ్మమ్మ ఇంటి అరుగు కళ్ళ ముందుకొచ్చింది.

తెనాలి దగ్గర ఆ ఊళ్ళో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా ఆ అరుగు మీదే. ఒకరి వెనక ఒకరు, మెట్టుకొకరు. ముందున్నావిడ తల వెనకావిడ ఒళ్ళో. కొబ్బరినూనె వాసన, పేల దువ్వెన, బొటనవేళ్ళ గోళ్ళ మధ్య టిక్కుమనే చప్పుడు. ఆ చప్పుడుతో పాటే ఊరి సంగతులన్నీ. చేతికీ నోటికీ ఒక్క క్షణం విరామం ఉండేది కాదు.

ఒకరోజు వెనక కూర్చున్నావిడ, ఎదురు వీధి చీటీలావిడ తెనాలిలో తాకట్టు కొట్టు దగ్గర కనబడిందని అంది. అమ్మమ్మ సగం దువ్విన జుట్టుతోనే లేచింది. ముడి కూడా వేసుకోకుండా వెళ్ళి తన చీటీ డబ్బు అడిగి తెచ్చుకుంది. అది మా పిన్ని పెళ్ళి కోసం దాచిన డబ్బు. పది రోజులు తిరక్కుండా ఆవిడ రాత్రికి రాత్రి కుటుంబంతో ఊరు విడిచిపోయింది.

మరి అది చాడీయా, మేలా? పెద్దది ఇంకో ప్రయోగం చెప్పింది, 2012లో అచ్చయిందట. ఆటలో ఒకడు మోసం చేస్తుంటే చూస్తున్నవాళ్ళ గుండె వేగం పెరిగిందట. తర్వాత ఆడబోయేవాడికి చీటీ రాసి హెచ్చరించే వీలు కల్పిస్తే ఆ దడ తగ్గిందట. ఆ అరుగు మీద నోరు విప్పినావిడకూ అలాగే గుండె తేలికపడి ఉంటుంది. ఆ మాట లేకపోతే పిన్ని పెళ్ళి ఆగేది. అది తలుచుకుంటే వదినగారి మీద కోపం కొంత తగ్గింది కూడా.

కానీ ఆ చీటీలావిడ కూతురు నాతో తొక్కుడుబిళ్ళ ఆడేది. వాళ్ళమ్మ నగలు ఎందుకు తాకట్టు పెట్టిందో ఆ అరుగు మీద ఒక్కరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

2019లో అమెరికాలో 467 మంది మాటలు రికార్డు చేసి విన్నారట. మనిషి ఎదుట లేనివాళ్ళ గురించి రోజుకు సగటున 52 నిమిషాలు మాట్లాడతాడట, అందులో నాలుగింట మూడొంతులు మంచీ కాదు, చెడ్డా కాదు, ఊరికే కబురు. నేను చెప్పిందీ అలాంటిదేగా అని సమాధానపడబోయాను. సూట్‌కేసులు, పది రోజులు. అబద్ధం ఒక్కటి లేదు.

అయితే ఎందుకు చెప్పాను? ఎవరినీ హెచ్చరించాల్సిన పని లేదే. పెద్దది హాస్టల్‌కి వెళ్ళినప్పటినుంచి సాయంత్రాలు ఇల్లు బావురుమంటోంది. ఆవిడ ఆ పూట గుమ్మంలోనుంచే వెళ్ళిపోతారేమో అనిపించింది. చెప్పులు విప్పిస్తానని తెలిసే ఆ మాట అన్నాను. ఆవిడ అరగంట కూర్చున్నారు. పప్పు మాడిందని మర్నాడు చెప్పారు.

రాత్రి ఎనిమిదింటికి ఆ అమ్మాయి గిన్నె తెచ్చిచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అడుగున చెంచాడు పంచదార వేసింది. "బాగా తోడుకుంది ఆంటీ" అంది, గిన్నె వంకే చూస్తూ. సోమవారం నా మొహంలోకి చూస్తూ మాట్లాడింది. విని ఉంటుందా? నా పేరుతోనే విందా? ఎనిమిదింటినుంచీ ఇదే.

రేపు పొద్దున వదినగారి దగ్గరికి వెళ్ళి, నేను చూసింది సూట్‌కేసులే, మిగతాదేదీ నాకు తెలియదు అని చెప్తాను. ఐదో అంతస్తుకూ వెళ్తాను. ఆ అమ్మాయి ముందు ఎలా నిలబడాలో మాత్రం తెలియడం లేదు. పంచదార డబ్బాలో పొయ్యబుద్ధి కాలేదు. గిన్నె అలాగే ఉంది.