8 మెగాబైట్ల చిప్పు, నాలుగు వారాంతాలు: పాత డెస్క్‌టాప్‌లోకి కోర్‌బూట్

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద మొదటి అక్షరం కనిపించేదాకా నా కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఎడిటర్ దాకా అన్నీ ఓపెన్ సోర్స్‌వే వాడుతున్నాను. వాటన్నిటికంటే ముందు నడిచే బయోస్ మాత్రం తెరవడానికి వీల్లేని డబ్బాలా ఉండిపోయింది. దాన్ని తీసేసి, దాని స్థానంలో కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌ని, అంటే నేను చదవగలిగే కోడ్‌ని, నా చేత్తో కంపైల్ చేసి పెట్టుకోవాలని చాలాకాలంగా కోరిక. ఎట్టకేలకు కూర్చున్నాను. చేసింది చేసినట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

యంత్రం హెచ్‌పీ కాంపాక్ 8200 ఎలీట్, చిన్న కేసు మోడల్. ఇంటెల్ క్యూ67 చిప్‌సెట్, కోర్ ఐ5 2400 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్. పాతదే, కానీ ఈ పనికి పాతదే మంచిది. ఒకటి, కోర్‌బూట్‌లో ఈ బోర్డుకి తగ్గట్టు మలిచిన కోడ్ (పోర్ట్) ఇప్పటికే ఉంది. రెండోది ఇంకా ముఖ్యం: ఈ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్ల తరానికి ర్యామ్‌ని సిద్ధం చేసే కోడ్ మొత్తం సోర్స్ రూపంలోనే ఉంది. కొత్త తరాల్లో అదే పనిని ఇంటెల్ ఇచ్చే ఎఫ్ఎస్‌పీ అనే బైనరీ చేస్తుంది. డిస్‌ప్లేని మేల్కొలిపే లిబ్‌జీఎఫ్ఎక్స్ఇనిట్ కూడా సోర్స్‌తోనే దొరుకుతుంది, అదీ ఏడా భాషలో రాసింది. ఇంత తెరిచి ఉన్న వేదిక కొత్త డెస్క్‌టాప్‌లలో దొరకడం కష్టం.

మొదటి వారాంతం: చదవడం

మొదటి వారాంతమంతా ఒక్క బ్యాకప్‌కే సరిపోయింది. ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం ఇదే, ఎక్కువ ఓపిక పెట్టాల్సిందీ ఇక్కడే.

బయోస్ ఉండే చిప్పు ఎనిమిది కాళ్ల మాక్రోనిక్స్ ఎంఎక్స్25ఎల్6406ఈ. పరిమాణం 8 మెగాబైట్లు. దానికి 2.7 నుంచి 3.6 వోల్టుల లోపు మాత్రమే ఇవ్వాలి. అందుకే ప్రోగ్రామర్ (చిప్పుని చదివి, రాసే పరికరం) విషయంలో జాగ్రత్త పడ్డాను. సీహెచ్341ఏ చిప్పుతో వచ్చే నల్ల బోర్డుల్లో చాలావాటికి డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. 3.3 వోల్టుల చిప్పుకి అది మంచిది కాదు. నేను రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు తీసుకుని, దాన్ని ప్రోగ్రామర్‌గా మార్చే పికో సర్‌ప్రాగ్ అందులో ఎక్కించాను. దాని డేటా పిన్నులన్నీ 3.3 వోల్టులే.

వైరింగ్ ఇలా: చిప్పు మీద చుక్క ఉన్న మూల ఒకటో కాలు. 1 చిప్ సెలెక్ట్, 2 డేటా బయటికి, 4 గ్రౌండ్, 5 డేటా లోపలికి, 6 క్లాక్, 8 కరెంటు. 3, 7 కాళ్లు రైట్ ప్రొటెక్ట్, హోల్డ్. బోర్డు మీదే ఉన్న చిప్పు కాబట్టి వాటిని ముట్టుకోలేదు. పికో వైపు జీపీ2 క్లాక్, జీపీ3 నుంచి చిప్పుకి డేటా వెళ్తుంది, జీపీ4 కి చిప్పు నుంచి డేటా వస్తుంది, జీపీ5 చిప్ సెలెక్ట్. డ్రైవులు పెట్టే ట్రే తీసేస్తే తప్ప చిప్పు కాళ్లని పట్టుకునే క్లిప్పు నిలువుగా కూర్చోవడానికి చోటు దొరకలేదు. పవర్ కార్డు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోయాకే క్లిప్పు పెట్టాను.

చిప్పుని చదివి, రాసే ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రాము నడిపితే చిప్పు లేదంది. క్లిప్పు తీసి మళ్లీ పెట్టాను, లేదంది. మూడోసారి ఉందంది. చదివాను, మళ్లీ చదివాను, రెండు ఫైళ్ల షా256 చెక్‌సమ్‌లు (ఫైలు వేలిముద్రల్లాంటి సంఖ్యలు) కలవలేదు. ఇంకోసారి చదివితే మూడో రకం చెక్‌సమ్ వచ్చింది. ఇక్కడ నిజంగా టెన్షన్ పట్టుకుంది. చిప్పు పాడైందేమో అనుకున్నాను.

చిప్పుకేం కాలేదు. ఈ బోర్డులో చిప్పుకి కరెంటు ఇస్తే అది అక్కడితో ఆగదు. అదే లైను మీద ఉన్న సౌత్‌బ్రిడ్జ్ భాగమంతా కరెంటు తాగడం మొదలుపెడుతుంది. పికో తన 3.3 వోల్టుల పిన్ను నుంచి ఇవ్వగలిగేది 300 మిల్లీఆంపియర్ల లోపే. వోల్టేజీ పడిపోయి, చదివిన బిట్లు తారుమారు అవుతున్నాయి. విడిగా 3.3 వోల్టుల సప్లై పెట్టి, దాని గ్రౌండ్‌ని పికో గ్రౌండ్‌తో కలిపాను. వైర్లను జానెడు కంటే పొట్టిగా కత్తిరించాను. క్లాక్ వేగం తగ్గించాను. ఆ తరవాత వరసగా ఐదుసార్లు చదివితే ఐదూ ఒక్కటే చెక్‌సమ్. గ్రౌండ్ కలపడం మర్చిపోతే మాత్రం ఏదీ పనిచేయదు. మల్టీమీటర్ పక్కనే పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఒకే గుర్తింపు సంఖ్య ఉన్న మాక్రోనిక్స్ చిప్పులు చాలా ఉన్నాయి. ఫ్లాష్‌రామ్ మూడు నాలుగు పేర్లు చూపించి మీదేదో చెప్పమంటుంది. చిప్పు మీద అచ్చయిన అక్షరాలు టార్చి వేసి చదివి, ఆ పేరే ఇవ్వండి.

ఆ ఫైలుని మూడు చోట్ల దాచాను. ఈ కంప్యూటర్‌లో మాత్రం కాదు, ఇది లేవకపోతే బ్యాకప్ అందదు కదా.

రెండో వారాంతం: విడదీయడం, కట్టడం

కోర్‌బూట్ సోర్స్‌తో వచ్చే ఐఎఫ్‌డీటూల్‌కి ఆ 8 మెగాబైట్లు ఇస్తే నాలుగు ముక్కలు చేసి పెట్టింది. మొదటిది డిస్క్రిప్టర్, 4 కిలోబైట్లు. చిప్పులో ఏ భాగం ఎక్కడుందో, ఎవరు రాయొచ్చో చెప్పే పటం అది. రెండోది గిగాబిట్ ఈథర్‌నెట్ భాగం, 8 కిలోబైట్లు. మూడోది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, అంటే ఎంఈ, ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా చిప్‌సెట్‌లో విడిగా నడిచే ప్రోగ్రాము. చివరిది అసలు బయోస్. నా చిప్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది బయోస్ కాదు, ఎంఈ. నా యంత్రంలోని చిప్పులో సగానికి పైగా చోటు నేను ఎన్నడూ వాడని ప్రోగ్రాముకి పోయిందని చూసి మనసు చివుక్కుమంది.

ఈథర్‌నెట్ ముక్క చిన్నదే కానీ పారేసుకోకూడదు. ఈ బోర్డులోని ఇంటెల్ 82579 నెట్‌వర్క్ చిప్పు మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) అందులోనే ఉంటుంది. వేరేవాళ్ల ముక్క తెచ్చి పెడితే వాళ్ల మ్యాక్ అడ్రసు మీకు వస్తుంది. చేత్తో మార్చాలంటే చెక్‌సమ్ కూడా సరిచేయాలి. మొదటి 64 వర్డ్‌ల మొత్తం హెక్సాడెసిమల్‌లో బీఏబీఏ రావాలి. నేను నాదే ఉంచుకున్నాను.

తరవాత కంపైలర్. కోర్‌బూట్ తన కంపైలర్‌ని తానే కట్టుకుంటుంది. సిస్టమ్‌లో ఉన్నది వాడదు. లిబ్‌జీఎఫ్ఎక్స్ఇనిట్ కోసం ఏడా కంపైలర్ నాట్ కూడా ముందే ఉండాలి. అది లేకుండా మొదటిసారి కట్టాను. ఏడా లేని కంపైలర్ తయారైంది, గ్రాఫిక్స్ కోడ్ కంపైల్ కాలేదు. మళ్లీ మొదటి నుంచి.

మెనూలో బోర్డు ఎంచుకున్నాను. చిప్పు పరిమాణం 8 మెగాబైట్లు అని సరిచూసుకున్నాను. విడదీసిన ముక్కల దారులు ఇచ్చాను. పేలోడ్‌గా సీబయోస్ పెట్టాను. కోర్‌బూట్ పని హార్డ్‌వేర్‌ని లేపడం వరకే. ఆ తరవాత డిస్క్ నుంచి బూట్ చేసేది పేలోడ్. 1999లో లాస్ అలమోస్ నేషనల్ లేబరేటరీలో రాన్ మినిచ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు చిప్పులో లైనక్స్ కెర్నల్‌నే పెట్టాలనుకున్నారు. అందుకే అప్పటి పేరు లైనక్స్‌బయోస్. పేలోడ్‌గా ఏదైనా పెట్టుకునే వీలు వచ్చాక, 2008లో కోర్‌బూట్ అయింది. నా డిస్క్ పాత ఎంబీఆర్ బూట్ పద్ధతిలో ఉంది కాబట్టి సీబయోస్ సరిపోయింది. యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే సీబయోస్ దాన్ని బూట్ చేయలేదు. ఈడీకే2 పేలోడ్ తీసుకోవాలి. ఇది ముందే చూసుకోకపోతే తరవాత డిస్క్ పాడైందనుకుని కంగారు పడతారు.

మూడో వారాంతం: రాయడం

ఒకేసారి అన్నీ మార్చకూడదని నిర్ణయించుకున్నాను. మొదట బయోస్ భాగం ఒక్కటే. డిస్క్రిప్టర్, ఎంఈ, ఈథర్‌నెట్ ఉన్నవి ఉన్నట్టే. అప్పుడు ఏదైనా తేడా వస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఫ్లాష్‌రామ్ రాసి, మళ్లీ చదివి, సరిపోయిందని చెప్పింది. క్లిప్పు తీశాను, ర్యామ్ ఒక్క కడ్డీయే ఉంచాను, పవర్ నొక్కాను.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అలాగే నల్లగా.

క్లిప్పు మళ్లీ పెట్టబోతూ ఆగాను. పక్క కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే జవాబు వచ్చింది! ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా, లోపలికి వెళ్లాను. లైనక్స్ నిశ్చింతగా నడుస్తోంది. బూట్ అయింది, కనబడడం లేదు, అంతే. ఆ క్షణంలో పొందిన ఆనందం ఇంకా మర్చిపోలేదు.

కారణం నా కాన్ఫిగరేషనే. సీబయోస్ తెర మీద అక్షరాలు వేయాలంటే దానికో వీజీఏ బయోస్ (తెరని నడిపే చిన్న కోడ్) కావాలి. కోర్‌బూట్ లీనియర్ ఫ్రేమ్‌బఫర్‌ని (తెర మీది బొమ్మకి మెమరీలో కేటాయించే చోటు) తయారుచేసి ఇస్తే, దాని మీద పనిచేసే సీవీజీఏబయోస్ అనే చిన్న ప్రోగ్రాముని కూడా మెనూలో ఎంచుకోవాలి. నేను మొదటిది పెట్టి రెండోది వదిలేశాను. అది సరిచేసి మళ్లీ రాశాక సీబయోస్ అక్షరాలు కనిపించాయి. తెర చూపించట్లేదంటే యంత్రం చచ్చిందని కాదు. ఈ పని మొదలుపెట్టే ముందే ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేసి పెట్టుకోండి.

ఇక సీబీమెమ్, కోర్‌బూట్ రాసుకున్న లాగ్‌ని చూపించే ఆదేశం. ఇంతకాలం నాకు కావలసింది ఇదే. ఆ ఒక్క ఆదేశంతో బూట్‌బ్లాక్ అనే మొదటి దశ నుంచి పేలోడ్ దాకా జరిగిన ప్రతి అడుగూ కళ్ల ముందు పరుచుకుంది. ప్రాసెసర్ లేచినప్పుడు ర్యామ్ ఇంకా లేదు కాబట్టి తన క్యాష్‌నే ర్యామ్‌గా వాడుకోవడం, తరవాత ర్యామ్ సిద్ధమయ్యాక నడిచే రామ్‌స్టేజ్ అనే దశ పీసీఐ పరికరాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం, అన్నీ. ర్యామ్ కడ్డీల వేగాన్ని, సిగ్నళ్ల ఆలస్యాన్ని కొలిచి సరిచేసే ట్రైనింగ్ మొదటిసారి సమయం తీసుకుంది. ఆ ఫలితాన్ని చిప్పులోనే దాచుకుంటుంది కాబట్టి రెండోసారి నుంచి బూట్ చాలా వేగంగా అయింది. ఆ రాత్రి ఆ లాగ్‌ని పక్కన సోర్స్ తెరిచి పెట్టుకుని, వాక్యం వాక్యం చదివాను. ఏ వరస ఏ ఫైలు నుంచి వచ్చిందో చూపించగలను ఇప్పుడు.

నాలుగో వారాంతం: ఎంఈ, ఫ్యాన్

ఎంఈ భాగాన్ని మొత్తం తుడిచేస్తే ఈ తరం యంత్రాలు 30 నిమిషాలకి వాటంతట అవే ఆగిపోతాయి. అందుకని ఎంఈ క్లీనర్ అనే సాధనం వాడాలి. అది ప్రాసెసర్ లేవడానికి తప్పనిసరైన ముక్కలు ఉంచి, నెట్‌వర్క్ భాగాలతో సహా మిగతావన్నీ తీసేస్తుంది. మిగిలేది అసలు పరిమాణంలో చాలా చిన్న భాగం. డిస్క్రిప్టర్‌లో సరిహద్దులు మార్చి ఆ ఖాళీని బయోస్ భాగానికి కలిపాను. ఎవరు రాయకూడదో చెప్పే డిస్క్రిప్టర్ తాళాలు కూడా ఐఎఫ్‌డీటూల్‌తోనే తీసేశాను.

రాశాక గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఐదో నిమిషం నుంచి వేరే పని మీద దృష్టి నిలవలేదు. ముప్పై దాటింది, ముప్పై ఐదు దాటింది. కంప్యూటర్ ఆగలేదు. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేస్తే పొద్దున ఒక్క తప్పూ లేదు.

ఫ్యాన్ శబ్దం మాత్రం మునుపటి కంటే ఎక్కువ అనిపించింది. ఈ బోర్డుకి పవర్ సప్లై ఫ్యాన్ స్థాయిని సీమాస్‌లో (బ్యాటరీతో నిలిచే చిన్న సెట్టింగుల మెమరీ) ఒక అంకెగా పెట్టుకునే వీలుంది. కంపైల్ చేసేటప్పుడు ఆప్షన్ టేబుల్ వాడమని చెబితేనే అది పనిచేస్తుంది. తరవాత ఎన్‌వీర్యామ్‌టూల్ అనే సాధనంతో ఆ అంకెని ఒక్కో మెట్టూ తగ్గిస్తూ, ప్రతిసారీ అరగంట కంపైలింగ్ భారం పెట్టి, వేడి చూసి ఆపాను. పాత బయోస్‌లా నీలం మెనూ ఏమీ ఉండదు. సెట్టింగులన్నీ ఇలా లైనక్స్ లోపలి నుంచే.

డిస్క్రిప్టర్ తాళాలు తీసి ఉన్నాయి కాబట్టి ఇకముందు క్లిప్పు అక్కర్లేదు. కెర్నల్‌కి ఐఓమెమ్ రిలాక్స్‌డ్ అనే ఎంపిక ఇచ్చి బూట్ చేస్తే ఫ్లాష్‌రామ్ లోపలి నుంచే రాస్తుంది. అయినా పికోనీ క్లిప్పునీ వైరింగ్ విప్పకుండా అలాగే డబ్బాలో పెట్టాను.

ఇంకా మిగిలినవి రెండు. స్లీప్‌లోకి పంపి లేపితే ఒక యూఎస్‌బీ పోర్టులోని కీబోర్డు కొన్నిసార్లు స్పందించట్లేదు. వేరే పోర్టులో బాగానే ఉంది. రెండు సందర్భాల్లోనూ లాగ్‌లు తీసి పోల్చాలి. ఆ తరవాత సీబయోస్ స్థానంలో గ్రబ్ అనే బూట్‌లోడర్‌ని పేలోడ్‌గా పెట్టి, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ నుంచి నేరుగా కెర్నల్ తెరిపించాలి. దాని కాన్ఫిగరేషన్ ఫైలు సగం రాసి ఉంచాను.