ఏథెన్స్‌లో ఓటు పెంకులు

మా అక్క ప్రభుత్వ టీచరు. ఎన్నికలొస్తే డ్యూటీ తప్పదు. అందుకేనేమో, ఏథెన్స్‌లో అందరూ అక్రోపోలిస్ కొండెక్కుతుంటే తను మాత్రం ముందు అగోరా చూద్దామంది. ఒకప్పుడు సంత, కోర్టులు, ఆఫీసులు అన్నీ ఉన్న చోటు. ఇప్పుడు చాలావరకు పునాదిరాళ్ళు, చెట్లు, ఎండ.

మ్యూజియం మాత్రం చల్లగా ఉంది. ఒక అద్దాల పెట్టె దగ్గర అక్క ఆగిపోయింది. లోపల కుండపెంకులు, ఒక్కోదాని మీద గీకిన పేరు. ఊరికి ప్రమాదమనిపించిన నాయకుడి పేరు గీకి వేసేవారట. కనీసం 6,000 పెంకులు పోగవ్వాలి. వేటు పడినవాడు పదేళ్ళు ఊరొదిలి పోవాలి, ఆస్తి మాత్రం అతనిదే. సలామిస్ దగ్గర పర్షియా ఓడల్ని ఓడించిన థెమిస్టోక్లీస్‌కీ ఇది తప్పలేదు. అక్రోపోలిస్ వాలులో ఒక పాత బావిలో అతని పేరున్న పెంకులు 190 దొరికితే, చేతిరాతలు చూస్తే రాసింది గుప్పెడుమందేనని తేలింది.

"చదువురాని వాళ్ళకి సాయం చేశారేమో" అన్నాను.

"ఆఁ, మనోళ్ళు బూత్ బయట టేబులేసుకుని స్లిప్పులు పంచే సాయం లాంటిదే" అంది.

పక్కన వరసలుగా సన్నటి చీలికలున్న రాతిపలక. జూరీకి వచ్చినవాళ్ళ పేర్లు చెక్కిన రేకుల్ని వాటిలో గుచ్చి, గొట్టంలోంచి నల్ల, తెల్ల గోళీలు వదిలేవారు. తెల్లది పడితే ఆ వరస మొత్తం ఆ రోజుకి జూరీ. 500 మంది కౌన్సిల్ సభ్యుల్నీ లాటరీలోనే తీసేవారు. "మాకూ ఇంతేరా, ర్యాండమైజేషన్ అంటారు. ఏ బూత్ పడుతుందో దేవుడికే తెలియాలి."

నన్ను కట్టిపడేసింది కోర్టు ఓటు. చిన్న కంచుబిళ్ళ, మధ్యలో ఇరుసు. ఇరుసు బోలుగా ఉంటే ఫిర్యాదిదారుకి, గట్టిగా ఉంటే ముద్దాయికి. రెండు చివర్లనీ బొటనవేలు, చూపుడువేలుతో మూసి పట్టుకుంటే ఏది వేశాడో పక్కవాడికి తెలియదు. అక్క గాల్లోనే రెండు వేళ్ళూ కలిపి పట్టి చూసుకుంది.

సాయంత్రం ప్నిక్స్ కొండ. టికెట్ లేదు, మనుషులూ పెద్దగా లేరు. నున్నబడిన రాతి మీద చెప్పులు జారి మోకాలు గీరుకుపోయింది. జనసభ కూడింది ఇక్కడే, ఏథెన్స్ పెద్ద నాయకుడు పెరిక్లీస్ మాట్లాడిందీ ఇక్కడే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్ళయితేనే పౌరసత్వం అని క్రీ.పూ. 451లో చట్టం తెచ్చింది ఆయనే. తర్వాత మహమ్మారిలో ఇద్దరు కొడుకులూ పోతే, మిలేటస్ అనే పరాయి ఊరి నుంచి వచ్చిన తన సహచరి అస్పాసియాకి పుట్టిన కొడుకు కోసం మినహాయింపు అడుక్కున్నదీ ఆయనే.

"ఆడదాన్ని, నన్నిక్కడికి రానిచ్చేవాళ్ళు కాదుగా" అంది అక్క.

"నన్నూ రానివ్వరు. పరాయి ఊరివాణ్ణి."

"హక్కున్నవాళ్ళైనా వచ్చేవాళ్ళా మరి?"

రాకపోతే అగోరాలో కబుర్లు చెప్పుకునేవాళ్ళని ఎర్రరంగు తడిపిన తాడుతో కొండవైపు తోలేవారని చెప్పాను. బట్టలకి రంగంటితే జరిమానా అంటారు.

అక్క ఎడమచేతి చూపుడువేలు చూసుకుంది. "మన దగ్గర వేసినవాడికి రంగు. ఇక్కడ ఎగ్గొట్టినవాడికా?" అని, బ్యాగులోంచి బ్యాండేజీ తీసి నా మోకాలికి అంటించింది.