అరటిపండుకి రూలు

"వాడు ఆడుతున్నాడా, లేదా? రెండిట్లో ఒకటి చెప్పండి" అంది ఆ పిల్ల, చేతిలో కార్డులు బల్ల మీద బోర్లా పెట్టేసి. పన్నెండేళ్లుంటాయేమో. పక్కన ఆరేళ్ల తమ్ముడు.

జర్మనీలో డోర్ట్‌ముండ్ దగ్గర ఒక చిన్న ఊరి లైబ్రరీలో, శనివారం మధ్యాహ్నం జరిగిన సంగతి. నేను పనిచేసేది బోర్డు గేములు వేసే చిన్న కంపెనీలో. ఆటలు తయారు చేయడం సగం పని. మిగతా సగం వాటిని స్కూళ్లకీ లైబ్రరీలకీ మోసుకెళ్లి పిల్లల చేత ఆడించడం. ఇలా ఆట నేర్పేవాళ్లని ఇక్కడ సరదాగా 'ఎర్‌క్లేర్‌బేర్' అంటారు, వివరించే ఎలుగుబంటి అని. ఆ రోజు ఎలుగుబంటిని నేనే.

పెట్టె మీద పదేళ్లు దాటినవాళ్లకి అని రాసుంది. తమ్ముడు అక్క కుర్చీ వదలట్లేదు. మనకి ఇందులో ఆలోచించేదేముంది? ఆటలో అరటిపండు. వాడికీ ఐదు కార్డులు పంచి, పెద్దపిల్లలకేసి కన్ను గీటాను. మూడో రౌండులో వాడు తొమ్మిది వేసి కుప్పంతా లాక్కున్నాడు. అందరం చప్పట్లు కొట్టాక, ఆ కుప్పని మెల్లగా అసలు గెలిచినవాడి ముందుకు జరిపాను. అప్పుడే ఆ పిల్ల కార్డులు బోర్లా పెట్టింది. "మీరు వాడికి అబద్ధం చెప్తున్నారు" అని కూడా అంది. వాడు నా మొహంలోకి చూసి, "అయితే నా పాయింట్లు నిజం కావా?" అన్నాడు.

దానికి జర్మన్‌లో నా దగ్గర జవాబు లేదు. తెలుగులో ఉందనుకున్నాను.

సోమవారం ఆఫీసులో చెప్తే, రూల్స్ పుస్తకాలు దిద్దే పెద్దాయన నవ్వలేదు. "కాగితం మీద లేనిది బల్ల మీద చేయకూడదు. అంత కావాలంటే రూలు రాయి" అన్నారు.

వీళ్లు ఆటని అంత గట్టిగా పట్టించుకుంటారు. 1979 నుంచి ఏటా ఒక ఆటకి 'ఆ ఏటి ఆట' అని బహుమతి ఇస్తున్నారు, 1995లో కటాన్ అనే ఆటకి వచ్చింది. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల సంతలో ఆటలు కట్టేవాళ్లు కొందరు బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద సంతకాలు చేసి, పెట్టె మీద మా పేరు వేయకపోతే ఆట ఇచ్చేది లేదన్నారు. అక్టోబరులో ఎసెన్‌లో జరిగే ఆటల సంతకి 2024లో నాలుగు రోజుల్లో రెండు లక్షల మందికి పైగా వచ్చారు. మెచ్చుకోవాల్సిందే, మెచ్చుకుంటాను కూడా.

కానీ ఆ వారమంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. వీళ్ల ఇంటింటా ఉండే 'మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్' అనే ఆట మన పచ్చీసుకి మనవడి వరస. ఆ పేరుకి అర్థం "మనిషీ, కోపం తెచ్చుకోకు" అని. ఓడితే కోపం వస్తుందని పేరులోనే ఒప్పుకున్నారు గానీ, పసివాణ్ని ఓడించకుండా కూర్చోబెట్టే తోవ తట్టలేదు. మాకు తట్టింది అని బస్సులో నాలో నేనే వాదించుకున్నాను. అరుగు మీద సుద్దతో ఇరవై ఐదు గళ్లు గీస్తే మా తమ్ముడికీ నాలుగు చింతపిక్కలు ఇచ్చేవాళ్లం. గవ్వలు వాడూ వేసేవాడు, అష్ట పడితే వీధంతా వినేలా అరిచేవాడు. వాడి కాయని ఎవరూ చంపరు. అది పండిందో లేదో ఎవరికీ పట్టదు. ఏడుపు లేదు, గొడవ లేదు. పెట్టె మీద వయసు చూపించి పసివాణ్ని పక్కకి పంపేయడం కంటే ఇది నయం కాదూ?

ఆదివారం మా తమ్ముడికే ఫోన్ చేశాను. "ఒరేయ్, నువ్వు అరటిపండువని అప్పట్లో నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటక్కా. మొదట్నుంచీ తెలుసు. తెలియనట్టు కూర్చునేవాణ్ని. లేకపోతే అమ్మ దగ్గరికి పొమ్మనేవాళ్లుగా."

తరవాత వాళ్ల అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల గొడవలోకి వెళ్లిపోయాడు. నేను ఊఁ కొడుతున్నానే గానీ వినట్లేదు.

రూలు రాశాను. ఒక పసుపు కార్డు, పేరు 'బనానె', జర్మన్‌లో అరటిపండు. అది తీసుకున్నవాళ్లకి పాయింట్లుండవు, ఆ సంగతి ఆట మొదలెట్టకముందే పైకి చదవాలి. కానీ రౌండుకోసారి ఒకరి చేతిలో కార్డుని ఇంకొకరి చేతిలోకి మార్చచ్చు. ఆ మార్పు చెల్లుతుంది, ఎవరూ వెనక్కి జరపకూడదు. పెద్దాయన రెండు కామాలు కొట్టేసి, 'చిన్నపిల్లలు' అన్నచోట 'ఎవరైనా' అని దిద్దారు.

కొత్త ఆటని బొత్తిగా తెలియనివాళ్ల ముందు రూల్స్ కాగితంతో పెట్టేసి, మనం పక్కన నోరు మూసుకుని చూడాలి. తప్పు ఆడుతున్నా పలకకూడదు. ఈ ఉద్యోగంలో నాకు ప్రాణం పోయే పని అదే. మొన్న నలుగురు పెద్దవాళ్లు కూర్చున్నారు. రెండో రౌండుకే చిత్తుగా ఓడిపోతున్న ఒక గడ్డపాయన పసుపు కార్డుకేసి చెయ్యి చాపి, "ఇక నేను అరటిపండుని" అన్నాడు.

ఆట మధ్యలో తీసుకోవచ్చో కూడదో నేను రాయలేదు. మిగతా ముగ్గురూ కాగితం తిరగేశారు, మళ్లీ తిరగేశారు, నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.